24 ట్రాంబోన్లకు ఒక మల్లారి: ఫ్యాన్‌ఫేర్ కట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

గోవిందరాజస్వామి గుడి దగ్గర పల్లకి కదిలే వేళకు ఎప్పుడైనా నిలబడి ఉంటే, ఫ్యాన్‌ఫేర్ అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాదస్వరం మల్లారి ఎత్తుకుంటుంది. అందులో సాహిత్యం ఉండదు, అర్థం అడిగే పని లేదు. కబుర్లు ఆగిపోతాయి, ఫోన్ చూసుకుంటున్నవాడు తల ఎత్తుతాడు. స్వామి వస్తున్నాడన్న సంగతి మాట లేకుండానే అందరికీ తెలిసిపోతుంది. పశ్చిమ దేశాల్లో ఇలా రాకను చాటే పని ఇత్తడి వాద్యాలు చేశాయి, ఆ చిన్న రచననే ఫ్యాన్‌ఫేర్ అంటారు. అమెరికాలోని బెత్లెహెమ్ పట్టణంలో మొరేవియన్ చర్చి ట్రాంబోన్ బృందం 1754 నుంచి ఉంది. ట్రాంబోన్ అంటే స్లైడ్ అనే గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి వాద్యం. పండగైనా చావైనా ఊరికి ఆ వాద్యాలతోనే కబురు చేసేవారు. బీథోవెన్ 1812లో లింజ్ నగరంలో నాలుగు ట్రాంబోన్లకే మూడు చిన్న రచనలు చేశాడు. అచ్చంగా ట్రాంబోన్లకు రాయడం కొత్త విద్యేమీ కాదన్నమాట.

మన దగ్గరే అది అరుదు. నేను తిరుపతిలో ఉంటూ బ్యాండ్ సెట్లకు పాటలు కట్టి ఇస్తుంటాను. ఒక కాలేజీ ఉత్సవానికి 24 మంది ట్రాంబోన్ వాళ్లను పోగు చేసి ఫ్యాన్‌ఫేర్ రాసే అవకాశం వచ్చింది. శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు బ్యాండ్ సెట్ల వాళ్లు, చర్చిలో వాయించే కుర్రాళ్లు, పోలీసు బ్యాండులో రిటైరైన ఇద్దరు పెద్దవాళ్లు కలిశారు. నా మొదటి రచన ఘోరంగా ఉంది. 24 మందీ మొదటి నుంచి చివరి దాకా గట్టిగా ఊదారు. బైపాస్‌లో 24 లారీలు ఒకేసారి హారన్ కొట్టినట్టు వినిపించింది. దాన్ని పక్కన పడేసి మళ్లీ రాసిన పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి అడుగు: ఎంత శబ్దం వస్తుందో లెక్క వేసుకోండి

24 మంది ఉంటే 24 రెట్లు గట్టిగా వినిపిస్తుందని అనుకుంటాం. అలా జరగదు. వాయించేవాళ్లు రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం పెరిగేది సుమారు 3 డెసిబెల్స్ మాత్రమే. ఒక్కరి నుంచి 24 మందికి వెళ్తే పెరిగేది దాదాపు 14 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి రెట్టింపైనట్టు అనిపిస్తుంది కాబట్టి, ఆ 24 మందీ కలిసి వినేవాడికి ఇచ్చేది రెండు మూడు రెట్ల గట్టిదనం. అంతే.

మరి ఇంతమంది ఎందుకు? వెడల్పు కోసం. ఒక్క ట్రాంబోన్ మెల్లగా ఊదితే సన్నగా ఉంటుంది. 24 మంది మెల్లగా ఊదితే గది నిండా నాదం పరుచుకుంటుంది కానీ చెవి నొప్పెట్టదు. పెద్ద బృందం చేతికొచ్చినప్పుడు దొరికే అసలు సొత్తు ఆ మెత్తదనమే. గట్టిదనం కావాలంటే నాలుగు ట్రాంబోన్లు, ఒక మైకు చాలు.

రెండో అడుగు: చోటు చూసి రండి

ఒక్క స్వరం రాయకముందే వాయించబోయే చోటికి వెళ్లి చప్పట్లు కొట్టి వినండి. మూసి ఉన్న ఆడిటోరియంలో చప్పట్ల మోత కాసేపు నిలిస్తే, మీ విరామాలు ఇంకా పొడుగ్గా ఉండాలి. స్టేడియంలాంటి ఆరుబయట అది అక్కడికక్కడే తెగిపోతుంది. అలాంటి చోట పొట్టి స్వరాలు ఎండిపోయినట్టు వినిపిస్తాయి, కాబట్టి వాటిని కాస్త సాగదీయాలి.

బృందాన్ని రెండు జట్లు చేసి ఎదురెదురుగా నిలబెట్టాలన్న ఆశ అందరికీ కలుగుతుంది. వెనిస్‌లో గాబ్రియేలి అనే స్వరకర్త 1597లో అచ్చువేసిన రచనల్లోనే ఈ ఎదురెదురు జట్ల పద్ధతి ఉంది. మంచి పద్ధతే, కానీ ధ్వని ప్రయాణానికి టైమ్ పడుతుంది. సుమారు 34 మీటర్లకు సెకనులో పదో వంతు. జట్ల మధ్య అంత దూరం ఉంటే, అటువాళ్లు వాయించింది విని ఇటువాళ్లు అందుకునే సరికి తాళం జారిపోతుంది. 15 మీటర్లలోపు ఉంచండి. తప్పక దూరం పెట్టాల్సి వస్తే జట్ల మధ్య గబగబా మార్చుకునే పొట్టి పలుకులు రాయకండి. ఎంత దూరమైనా ఒక నియమం మాత్రం మారదు: చెవిని నమ్మకూడదు, చెయ్యి ఊపేవాడినే చూడాలి.

అనుమతుల సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాద్యాలు మోగించకూడదు. ఆసుపత్రులకు, బళ్లకు, కోర్టులకు చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండవచ్చు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్న దిక్కున రిహార్సల్ పెట్టే ఆలోచన మానుకోండి.

మూడో అడుగు: శ్రుతి, రాగం

ట్రాంబోన్‌కు పుట్టుకతో వచ్చిన శ్రుతి బి ఫ్లాట్. మన లెక్కలో ఆరున్నర శ్రుతి. స్లైడ్ పూర్తిగా లోపలికి ఉంటే ఒకటో పొజిషన్. అక్కడి నుంచి ఒక్కో పొజిషన్ చాచే కొద్దీ ఒక్కో స్వరస్థానం దిగుతుంది. మొత్తం ఏడు. ఒకే పొజిషన్‌లో పెదవి బిగువు మార్చితే ఆ గొట్టంలోని సహజ స్వరాలు వరసగా పలుకుతాయి. బి ఫ్లాట్‌ను స అనుకుంటే ఒకటో పొజిషన్‌లోనే మంద్ర (కింది స్థాయి) స, మంద్ర ప, మధ్య స, మధ్య గ, మధ్య ప, తార (పై స్థాయి) స దొరుకుతాయి. మధ్య ప, తార స నడుమ ఒక నిషాదం (ని) కూడా ఉంది కానీ అది బాగా దిగి పలుకుతుంది, దాని జోలికి పోవద్దు.

స, గ, ప చేతిలో ఉన్నాయంటే రాగం తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. మల్లారి వాయించే గంభీరనాటలో స్వరాలు స గ మ ప ని. ఇందులోని మ, అంటే శుద్ధ మధ్యమం, మూడో పొజిషన్‌లో ఉంది. ని, అంటే కాకలి నిషాదం, రెండో పొజిషన్‌లో. అంటే మధ్య స నుంచి తార స దాకా రాగం మొత్తం మొదటి మూడు పొజిషన్లలోనే ఇమిడిపోతుంది. చెయ్యి చాచే పని దాదాపు లేదు. మేజర్ స్కేలులో రాసిన ఏ ట్యూనూ మా వాళ్లకు ఇంత సుఖంగా కుదరలేదు. మోహనం, హంసధ్వని కూడా పలుకుతాయి. అయితే ప్రకటనకు కావలసిన బరువు నా చెవికి గంభీరనాటలోనే వినిపించింది.

నాదస్వరంతో కలిపి వాయించాలనుకుంటే మాత్రం ఆరున్నర పనికిరాదు. వాళ్ల వాద్యం చాలావరకు రెండు, రెండున్నర దగ్గర ఉంటుంది. ట్రాంబోన్‌ను రెండున్నరకు, అంటే ఇ ఫ్లాట్‌కు తేవచ్చు. అప్పుడు కింది స మామూలు టెనర్ ట్రాంబోన్‌లో ఉండదు. ఎఫ్ అటాచ్‌మెంట్ (ఇంకా కిందికి దిగడానికి పెట్టే అదనపు గొట్టం) ఉన్న ట్రాంబోన్ కావాలి. మొదటి ప్రయత్నానికి ఈ తలనొప్పి వద్దు.

నాలుగో అడుగు: పార్టులు పంచడం

24 మందిని ఆరు పార్టులు చేయండి, పార్టుకు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు కుడి జట్టు, ఇద్దరు ఎడమ జట్టు. జట్టులో ఒక్కరినే పెడితే అతను ఊపిరి తీసుకున్నప్పుడు పార్టు మాయమైపోతుంది. ఇద్దరుంటే ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటారు.

ఇక పునాదిలాంటి తీగ, అంటే అందరూ ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపు (ఇంగ్లీషులో కార్డ్). ఆరో పార్టుకు మంద్ర స, ఐదుకు మంద్ర ప, నాలుగుకు మధ్య స, మూడుకు గ, రెండుకు ప, ఒకటికి తార స. ఒకసారి గమనించండి: ఇందాక ఒకటో పొజిషన్‌లో దొరికిన సహజ స్వరాల వరసే ఇది. 24 మందీ స్లైడ్ మూసి పట్టుకుని ఈ తీగ పలికించవచ్చు. కింద స్వరాల మధ్య ఎక్కువ ఎడం, పైకి పోయే కొద్దీ తక్కువ ఎడం. ప్రకృతి ఆ గొట్టంలో పెట్టిన ఎడం కూడా అదే. దీన్ని తిరగేసి కింద గాంధారాన్ని (గ), షడ్జమాన్ని (స) దగ్గర దగ్గరగా పెడితే నాదం సంగటి ముద్దలా అయిపోతుంది. తీగల్లో మంద్ర ప కింద స, ప తప్ప వేరే స్వరం ఇవ్వకూడదని నేను నియమం పెట్టుకున్నాను. నా మొదటి రచన లారీ హారన్లలా ఉండడానికి సగం కారణం కింద ఇరికించిన గాంధారమే.

కిందికి రాసేటప్పుడు ఇంకో గొయ్యి ఉంది. ఈ రాగం స్వరాల్లో మామూలు టెనర్ ట్రాంబోన్ అనుమంద్ర పంచమం (మంద్ర స్థాయికీ కింద ఉండే ప) దాకా దిగుతుంది, అదీ ఆరో పొజిషన్‌లో. ఆ కింద మ, గ లేవు. ఆ ఖాళీ దాటాక అనుమంద్ర స మాత్రం మళ్లీ దొరుకుతుంది, దాన్ని పెడల్ స్వరం అంటారు. కంప్యూటర్‌లో అన్నీ మోగుతాయి కాబట్టి ఈ ఖాళీ మీకు కనిపించదు. రిహార్సల్‌లో వాద్యం పట్టుకున్న మనిషి మీ మొహం చూసినప్పుడు తెలుస్తుంది.

ఐదో అడుగు: పల్లవిలాంటి ఒక్క వాక్యం

ఫ్యాన్‌ఫేర్‌కు ఒక్క సంగీత వాక్యం చాలు. రెండు పెడితే జనానికి ఏదీ గుర్తుండదు. నేను పెట్టింది ఆదితాళంలో ఒక ఆవర్తనం (ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల, ఒక చుట్టు), అక్షరానికి రెండు స్వరాలు. కామా ఉన్న చోట ముందు స్వరాన్నే సాగదీయాలి:

స , స స | గ , ప , | ప మ గ మ | ప , , ,

పొజిషన్లు ఇలా:

1 , 1 1 | 1 , 1 , | 1 3 4 3 | 1 , , ,

రెండు గాంధారాలకు రెండు పొజిషన్లు ఎందుకిచ్చానో చూడండి. మొదటి గ స-గ-ప అని పెదవితో ఎగిరే చోట ఉంది, అక్కడ స్లైడ్ కదలకపోతేనే గెంతు శుభ్రంగా ఉంటుంది. రెండో గ ప-మ-గ-మ-ప అని ఊగే చోట ఉంది. అక్కడ నాలుగో పొజిషన్ గాంధారం తీసుకుంటే ప, మ, గ మూడూ ఒకే పెదవి బిగువులో వస్తాయి. స్లైడ్ ఒక్కటే కదులుతుంది, కాబట్టి కోరుకున్నంత జారుడు ఇవ్వవచ్చు. గమకానికి ఇత్తడి వాద్యాలన్నిట్లో ఇంత వీలైనది ఇంకొకటి లేదు. ఒకటో పొజిషన్ గ నుంచి మూడో పొజిషన్ మ కు జారమంటే మాత్రం కుదరదు, మధ్యలో పెదవి విరుగుతుంది. జారుడు రాసే ముందు ఆ రెండు స్వరాలూ ఒకే బిగువులో ఉన్నాయా అని చూసుకోండి. ని-స జంటకు ఇబ్బంది లేదు, రెండో పొజిషన్ నుంచి ఒకటికి హాయిగా జారుతుంది.

జారుడు ఎక్కడ కావాలో, ఎక్కడ వద్దో కాగితం మీద స్పష్టంగా రాయండి. రాయకపోతే సగం మంది జారుతారు, సగం మంది నాలుకతో తెంపుతారు.

ఆరో అడుగు: 90 సెకన్ల కట్టడం

ఫ్యాన్‌ఫేర్ నిడివి ఒకటిన్నర నిమిషం. రెండు నిమిషాలు దాటితే అది కచేరీ అయిపోతుంది, పెదవులూ అలిసిపోతాయి. నిమిషానికి 96 అక్షరాల కాలం పెట్టుకుంటే ఆదితాళ ఆవర్తనం సరిగ్గా 5 సెకన్లు. 18 ఆవర్తనాలకు 90 సెకన్లు.

మొదటి రెండు ఆవర్తనాలు కుడి జట్టులో నాలుగో పార్టు ఇద్దరే. అవును, 24 మందిని నిలబెట్టి ఇద్దరితో మొదలుపెట్టాలి. మిగతా 22 మంది వాద్యం పట్టుకుని ఊరికే నిలబడి ఉండటం చూస్తే జనంలో ఒక ఆత్రం పుడుతుంది. తర్వాత నాలుగు ఆవర్తనాలు రెండు జట్ల మధ్య సంవాదం. ఆవర్తనానికొకసారి మార్చుకోవాలి, ప్రతి మార్పులో ఒక పార్టు కొత్తగా చేరాలి.

ఏడో ఆవర్తనం దాదాపు నిశ్శబ్దం. ఆరో పార్టులో ఒక్క జట్టు మంద్ర స పట్టి ఉంచుతుంది, మిగతావాళ్లు ఊదరు. ఉత్సవం వాళ్లకు ఇది నచ్చలేదు. "ఆగిపోయిందేమో అనుకుంటారు సార్, ఇక్కడ డ్రమ్స్ పెట్టండి" అన్నారు. నేను పెట్టలేదు. ఆ 5 సెకన్లు తీసేస్తే తర్వాత వచ్చేదానికి విలువ ఉండదు.

తర్వాతి నాలుగు ఆవర్తనాలు 24 మందీ, కానీ అతి మెత్తగా. నేను ముందు చెప్పిన వెడల్పు వినిపించేది ఇక్కడే. ఒక్కో ఆవర్తనానికి ఒక్కో తీగ, స్వరాలన్నీ పొడుగ్గా. నాలుకతో కొట్టకుండా ఊపిరితోనే ఎత్తుకోమనండి.

12 నుంచి 15 దాకా త్రికాలం. మల్లారిని మూడు కాలాల్లో వాయించే పద్ధతి మనకుంది. నాదస్వరంలో అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 24 మంది ఉన్నారు కాబట్టి మూడింటినీ ఒకేసారి పేర్చవచ్చు. ఐదు, ఆరు పార్టులు మన వాక్యాన్ని ఒక స్థాయి కిందికి దించి సగం వేగంలో వాయిస్తాయి. మూడు, నాలుగు పార్టులు మామూలు వేగంలో, ఒకటి, రెండు పార్టులు రెట్టింపు వేగంలో. కిందివాళ్లు ఒకసారి పూర్తి చేసేలోపు మధ్యవాళ్లు రెండుసార్లు, పైవాళ్లు నాలుగుసార్లు పూర్తి చేసి, రెండు ఆవర్తనాలకొకసారి అందరూ స మీద కలుసుకుంటారు. రాసినంతసేపూ నాకు నేనే మురిసిపోయిన భాగం ఇది, మొదటి రిహార్సల్‌లో కుప్పకూలింది కూడా ఇదే. రెట్టింపు వేగంలో ప-మ-గ-మ-ప పలకాలంటే స్వరానికి సెకనులో ఆరో వంతు కూడా దొరకదు. అంతలో స్లైడ్ ఒకటి-మూడు-నాలుగు-మూడు-ఒకటి తిరగాలి. అనుభవం ఉన్న ఇద్దరు తిప్పారు, మిగతావాళ్లది బురద. పైవాళ్లకు ఆ ముక్క తీసేసి, దాని బదులు ప-గ-ప-గ-ప ఇచ్చాను. స్లైడ్ కదలదు, పెదవి పని మాత్రమే. దూరంగా విన్నవాళ్లకు ఆ తేడా తెలియనే లేదు.

చివరి మూడు ఆవర్తనాలు ముగింపు. తార స అంతదాకా ఎవరికీ ఇవ్వకండి, ఇక్కడే ఇవ్వండి. పునాది తీగను తకిట తకిట తక అని, అంటే మూడు, మూడు, రెండుగా రెండు ఆవర్తనాలు కొట్టించి, ఆఖరి ఆవర్తనంలో పట్టి నిలపాలి. ఆరో పార్టులో ఇద్దరిని అనుమంద్ర స కు దింపండి. మైకు లేకుండానే నేల అదిరినట్టుంటుంది.

ఏడో అడుగు: ఊపిరి గుర్తులు

రచన ముగిసింది కదా అని కాగితాలు పంచేశాను. పోలీసు బ్యాండు పెద్దాయన ఒకరు కళ్లజోడు సరిచేసుకుని మొత్తం చూసి అడిగాడు: "అంతా బాగుంది సామీ, ఊపిరి యాడ తీసుకోవాల?" 40 సెకన్ల పాటు ఆయన పార్టులో ఒక్క విరామం లేదు. కంప్యూటర్‌కు ఊపిరితిత్తులు లేవు కాబట్టి అందులో బ్రహ్మాండంగా మోగింది.

ప్రతి పార్టునూ మీరే గొంతుతో పాడి చూడండి. మీకు ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడికి రెండు స్వరాల ముందే గుర్తు పెట్టండి. కింది పార్టులకు గాలి ఇంకా ఎక్కువ ఖర్చు, వాళ్లకు ఇంకా తరచుగా కావాలి. పొడుగు తీగల్లో జంటలో మొదటివాడు మూడో అక్షరం తర్వాత, రెండోవాడు ఐదో అక్షరం తర్వాత అని అంకెలతో సహా రాయండి. "చూసుకుని తీసుకోండి" అని వదిలేస్తే ఇద్దరూ ఒకేసారి తీసుకుంటారు.

ఎనిమిదో అడుగు: కాగితం ఎలా ఇవ్వాలి

స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల పాశ్చాత్య లిపి) ట్రాంబోన్‌కు మామూలుగా బేస్ క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు), రాసిన స్వరమే పలుకుతుంది. బ్యాండు పుస్తకాలతో నేర్చుకున్నవాళ్లు కొందరు ట్రెబుల్ క్లెఫ్‌లో చదువుతారు, వాళ్లకు పలికేదానికంటే ఒక స్థాయి, ఒక రిషభం పైన రాయాలి. చెవితోనే నేర్చుకున్నవాళ్లకు తెలుగులో స్వరాలు, కింద పొజిషన్ అంకెలు. నేను మూడు రకాలూ తయారుచేశాను. ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌లో క్లెఫ్ మార్చడం నిమిషం పని, తెలుగు స్వరాల కాగితం మాత్రం చేత్తో రాసుకోవాల్సిందే.

తొమ్మిదో అడుగు: రిహార్సల్

కీబోర్డు తెచ్చి పక్కన పెట్టకండి. పునాది తీగలో గాంధారం సహజంగా కీబోర్డు గాంధారం కంటే 14 సెంట్లు, అంటే ఒక స్వరస్థానంలో ఏడో వంతు కిందుగా ఉంటుంది. తీగలో కలిసిపోయేది ఆ సహజ గాంధారమే. కీబోర్డు చూసి సరిచేస్తే తీగ గరగరమంటుంది. ఫోన్‌లో తంబూరా యాప్ ఆరున్నరకు పెట్టి ముందు ఆరో పార్టును స మీద నిలపండి, తర్వాత ఐదు, నాలుగు, ఒకటి, రెండు. మూడో పార్టు గాంధారం అందరికంటే చివర.

మన ఎండ సంగతి కూడా చూడాలి. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, 40 డిగ్రీల దగ్గర 355. గాలి వేడెక్కితే శ్రుతి పైకి పోతుంది. ఉదయం ఏసీ హాల్లో సరిచేసుకున్న శ్రుతి మధ్యాహ్నం గ్రౌండులో ఉండదు. బయటికొచ్చాక ట్యూనింగ్ స్లైడ్ కాస్త లాగి మళ్లీ సరిచూసుకోవాలి, తంబూరా యాప్ మాత్రం అదే శ్రుతిలో ఉంటుంది కాబట్టి దాన్నే నమ్మండి. స్లైడ్‌కు క్రీము, నీళ్ల స్ప్రే సీసా అందరి దగ్గరా ఉండాలి. దుమ్ము పడిన స్లైడ్‌తో గమకం రాదు.

నిలబెట్టేటప్పుడు ముందువాడి వీపుకూ వెనకవాడి స్లైడ్‌కూ మధ్య చెయ్యి పూర్తిగా చాచినంత ఖాళీ వదలండి. స్టాండ్లు కిందికి దించండి, లేకపోతే బెల్ (వాద్యం చివరి వెడల్పు నోరు) నుంచి వచ్చే నాదం కాగితానికే తగులుతుంది. గంట రిహార్సల్‌లో ఊదేది అరగంటే ఉండాలి, మిగతా టైమ్ తాళం వేస్తూ నోటితో స్వరాలు పాడించండి. పై పార్టు వాళ్లను తార స మీద రోజుకు రెండుసార్లకు మించి పిలవకండి.

చెయ్యి ఊపేవాడికి ఆఖరి పని ఒకటి ఉంది. చివరి తీగ తెంపాక చెయ్యి వెంటనే దించకూడదు. 24 మందీ వాద్యం పెదవి దగ్గరే పట్టుకుని కదలకుండా ఉండాలి. మనసులో ఒక ఆవర్తనం లెక్కపెట్టుకుని, నాదం గది మూలల్లో చల్లారాక, అప్పుడు దించాలి.